చదువు ఖర్చు చదువు కంటే ముందే అందాలి: దక్షిణ తెలంగాణ విద్యార్థుల తరఫున ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల సంక్షేమ, మైనారిటీ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయ, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయ ఉపకులపతులకు,

నమస్కారం.

నేను దేవరకొండ ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుడిని. ఫీజు, తిండి, వసతి, పుస్తకాలు, ప్రయాణం అన్నీ భరించి, కుటుంబం మీద భారం పడకుండా చదివించే పూర్తిస్థాయి ఉపకార వేతనాల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. అటువంటి సాయం మా ప్రాంతపు పిల్లల జీవితాలను ఎంతగా మార్చగలదో తరగతి గదిలో నిలబడి చూస్తూ వచ్చాను. అదే సాయం ఆలస్యంగా వచ్చినప్పుడు, లేదా ముందు మీరు పెట్టుకోండి, తర్వాత మేము ఇస్తాము అనే పద్ధతిలో వచ్చినప్పుడు, ఎవరికోసం ఆ పథకం పుట్టిందో వారే దానికి దూరమైపోవడం కూడా చూశాను. మీ ముందు పెట్టదలచినది ముఖ్యంగా ఈ రెండో సంగతి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. ఇప్పటి తెలంగాణ భూభాగం మొత్తానికి అది 66.54 శాతం. ఆ లెక్క తీసిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు పూర్తిచేసి ముందు దారి వెతుక్కుంటున్నారు. వారిలో చాలామంది తమ ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటి మనుషులు. కొల్లాపూర్, అచ్చంపేట, మక్తల్, దేవరకొండ, మర్రిగూడ వైపు ఊళ్ళలో తల్లిదండ్రులు ఏడాదిలో కొన్ని నెలలు హైదరాబాదులోనో, పుణెలోనో, ముంబయిలోనో కట్టడాల పనుల్లో ఉంటారు. అలాంటి ఇంట్లో చదువుకు సంబంధించిన ప్రతి నిర్ణయం ఈ నెల చేతిలో ఎంత ఉంది అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. ప్రభుత్వం వచ్చే ఏడాది చెల్లించబోయే సొమ్ముకు ఆ ఇంట్లో ఈ నెల విలువ లేదు.

పూర్తి ఖర్చు భరించే చదువు ఈ నేలకు కొత్తేమీ కాదు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్‌ను స్థాపించిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి వనపర్తి ప్రాంతంలో పుట్టినవారు. ఆ వసతిగృహం బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి కూడా పాలమూరు జిల్లావారే. అది ముఖ్యంగా ఒక కులపు పిల్లల కోసం ఏర్పడినదన్న మాట నిజమే. అయినా పల్లె పిల్లవాడికి పట్నంలో తిండి, గది దొరకనిదే కళాశాల ప్రవేశం అక్కరకు రాదని గుర్తించినవారు మన జిల్లా మనుషులే. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల మొదలైంది. సర్వేలు అప్పట్లో నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోది. అక్కడ చేరిన పేద రైతు కొడుకు మొదట డబ్బు కట్టి తర్వాత రసీదు చూపించి తిరిగి తీసుకోవలసిన పని లేదు. చేరిన రోజు రాత్రి భోజనం పెట్టారు, పడుకోవడానికి చోటు చూపించారు, పుస్తకాలు ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాలలో గురుకులాలు విస్తరించి, 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల వరకు వచ్చాయంటే, ఆ పద్ధతి ఫలించబట్టే.

ఈ గురుకుల డిగ్రీ కళాశాలల విషయం కొంచెం ఆగి చెప్పాలి. ఆడపిల్ల చదువు మీద పూర్తిస్థాయి సాయం చూపే ప్రభావం మగపిల్లవాడి విషయంలో కంటే ఎక్కువ. మా ప్రాంతంలో ఒక ఇంట్లో కొడుకు, కూతురు ఇద్దరూ ఇంటర్ పాసైతే, అప్పు చేయగల శక్తి ఒక్కరికే సరిపోతే, ఆ అప్పు సాధారణంగా కొడుకు ఇంజనీరింగ్‌కు వెళుతుంది. కూతురి పేరు మీద కూడబెట్టినది పెళ్ళి కోసమని పక్కన పెడతారు, దాన్ని చదువుకు ముట్టుకోరు. సగం ఖర్చు భరించే ఉపకార వేతనం ఈ లెక్కను మార్చలేదు, ఎందుకంటే మిగిలిన సగం కోసం మళ్ళీ అదే పెళ్ళి డబ్బు దగ్గరకు వెళ్ళాలి. ఖర్చు మొత్తం తొలగిపోయినప్పుడు మాత్రం తండ్రి దగ్గర అడ్డుచెప్పే కారణం ఒకటి తగ్గిపోతుంది. నాకు తెలిసిన తండాల్లో ఇంటర్ తర్వాత పెళ్ళి ఖాయమనుకున్న అమ్మాయిలు గురుకుల డిగ్రీ సీటు వచ్చిందన్న ఒక్క కారణంతో మరో మూడేళ్ళు చదువుకున్నారు. ఆ మూడేళ్ళలో వారికి తమ మాట తాము చెప్పుకోగల వయసు, ధైర్యం రెండూ వచ్చాయి.

గురుకులాల బయట, సాధారణ కళాశాలల్లో చదివే లక్షల మందికి ఆధారం వారి ఫీజును ప్రభుత్వం కళాశాలకు చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్, దానితోపాటు తిండి, వసతి వంటి ఖర్చులకు వచ్చే నిర్వహణ భత్యం. ఈ పథకం వల్ల నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వృత్తివిద్య చదివినవారి సంఖ్య పెరిగిందనడంలో నాకు సందేహం లేదు. కానీ ఇందులో ప్రభుత్వం కళాశాలకు ఇవ్వవలసిన సొమ్ము ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం ఆగిపోతుంది. 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు ఈ బకాయిల కోసం రాష్ట్రవ్యాప్తంగా కళాశాలలు మూసివేసిన సంగతి మీకు తెలుసు. ఆ గొడవ యాజమాన్యాలకు, ప్రభుత్వానికి మధ్య నడిచినట్టు పత్రికల్లో కనిపించింది. దాని భారం దిగేది మాత్రం విద్యార్థి మీదే. బకాయి రాలేదు కాబట్టి నువ్వు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం అని కళాశాల అంటుంది. కట్టలేనివారి టీసీ, మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కార్యాలయం బీరువాలో ఉండిపోతాయి. అసలు ధ్రువపత్రాలు నిలిపివేయరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే స్పష్టంగా ప్రకటించింది. అయినా ఆ ప్రకటన కాగితం చేతబట్టుకుని కళాశాల కార్యాలయంలో వాదించగల ధైర్యం ఇరవై ఏళ్ళ కూలి బిడ్డకు ఎక్కడిది?

నిర్వహణ భత్యం ఆలస్యమైనప్పుడు జరిగే నష్టం ఇంకా లోతైనది, బయటికి కనపడనిది. మా కళాశాలకు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల్లో కొందరు పత్తి తీసే రోజుల్లో తరగతులకు రారు. దసరా తర్వాత చేలలో పత్తి ఏరడానికి మనుషులు దొరకరు, కూలి రేటు పెరుగుతుంది, ఇంట్లో అమ్మ ఒక్కతే పోతుంటుంది. భత్యం నెలనెలా వస్తే ఆ పిల్లవాడు కళాశాలకే వచ్చేవాడు. అది రాదు కాబట్టి చేనుకు పోతాడు. చేనుకు పోయినందువల్ల హాజరు 75 శాతం కంటే తగ్గుతుంది. హాజరు తగ్గినందువల్ల ఆ ఏడాది ఉపకార వేతనానికే అనర్హుడవుతాడు. సాయం ఆలస్యం కావడం వల్ల పనికి పోయిన పిల్లవాడిని, పనికి పోయినందుకు ఆ సాయానికి దూరం చేసే నిబంధన ఇది. అధ్యాపకుడిగా హాజరు పట్టీ మీద సంతకం చేసేది నేనే కాబట్టి ఈ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇక్కడ ఒక మంచి పనిని కూడా చెప్పాలి. 2024 నవంబరులో ప్రభుత్వం వసతిగృహాల మెస్ ఛార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారికి నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. ధరలతో పోలిస్తే ఇదీ తక్కువే, అయినా పెంపు వసతిగృహాల్లో కనిపించింది. ఎందుకంటే పెంచిన మొత్తం విద్యార్థి చేతి మీదుగా కాకుండా నేరుగా పళ్ళెంలోకి వచ్చింది. సాయం ఏ దారిలో వస్తుందన్నది, ఎంత వస్తుందన్నదానికి ఏ మాత్రం తక్కువ ముఖ్యం కాదని నేను అనడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

అర్హత పరిమితుల గురించి కూడా మీరు మళ్ళీ ఆలోచించాలి. వెనుకబడిన తరగతుల గ్రామీణ కుటుంబానికి వార్షికాదాయ పరిమితి 1.5 లక్షలు. అంటే నెలకు 12,500 రూపాయలు. మేస్త్రీ పని చేసే భర్త, కూలికి పోయే భార్య ఇద్దరూ నెలంతా పని దొరికించుకుంటే ఈ పరిమితి దాటిపోతుంది. దాటిన మరుక్షణం వారికి అందేది సున్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్న కుటుంబం నష్టపోయే విధంగా ఒక నియమం ఉండకూడదు. పైగా ఆదాయ ధ్రువపత్రం కోసం మండల కార్యాలయానికి తల్లో తండ్రో రావాలి, వారేమో పుణెలో ఉంటారు, మీసేవలో పెట్టిన దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటుంది.

ఇంజనీరింగ్‌లో ప్రవేశ పరీక్ష ర్యాంకు పదివేల లోపు వచ్చినవారికి పూర్తి ఫీజు, మిగిలిన వెనుకబడిన తరగతుల, ఆర్థికంగా వెనుకబడినవారిలో చాలామందికి 35,000 రూపాయల వరకే అన్న నిబంధన ఎందుకు వచ్చిందో నాకు అర్థమవుతుంది. నిధులు పరిమితం, ప్రతిభకు ప్రాధాన్యం ఇవ్వాలి. కానీ పదివేల లోపు ర్యాంకు చాలా సందర్భాల్లో రెండేళ్ళు హైదరాబాదులో కోచింగ్‌కు డబ్బు కట్టగలిగిన ఇంటి నుంచే వస్తుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మీడియం నుంచి వచ్చి పద్దెనిమిది వేల ర్యాంకు తెచ్చుకున్న కల్వకుర్తి పిల్లవాడి ప్రతిభ దానికి తక్కువ కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో, ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చదివినవారికి ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు తప్పక అందేలా చూస్తే, అవసరం ఉన్నచోటికే డబ్బు చేరుతుంది, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చేరడానికి ఒక కారణమూ ఏర్పడుతుంది.

ఇక విదేశీ విద్య. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల కింద ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు మన రాష్ట్రం 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. ఇంత పెద్ద సాయం ఇచ్చే రాష్ట్రాలు దేశంలో తక్కువ, ఆ గౌరవం మీకు దక్కాలి. అయితే మొదటి 10 లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్టు పత్రం పంపిన తర్వాత వస్తాయి. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపిన తర్వాత వస్తాయి. ఆ దేశంలో దిగాలంటే ముందు వీసా కావాలి. వీసా కావాలంటే డబ్బు చూపించాలి. బ్రిటన్ వీసాకు ఫీజు, జీవన ఖర్చులకు సరిపడే సొమ్మును 28 రోజులపాటు వరుసగా బ్యాంకు ఖాతాలో నిలిపి చూపాలి. ఆరోగ్య సర్‌చార్జీ ఏడాదికి 776 పౌండ్లు దరఖాస్తుతోపాటే కట్టాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు, కానీ విద్యార్థి తన ఏడాది బతుకుతెరువు కోసం 11,904 యూరోలు ముందుగా ప్రత్యేక ఖాతాలో జమచేసి చూపించాలి. మన రూపాయల్లో అది పది లక్షలు దాటుతుంది. ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మనం అనుకుంటున్నాం?

మా ఊళ్ళలో వచ్చే దారి నాకు తెలుసు. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెస్తారు. ఎకరమో అరెకరమో కుదువ పెడతారు. కన్సల్టెన్సీవారు ఖాతాలో కొన్నాళ్ళు డబ్బు నిలిపి చూపించి, అందుకు వేరే రుసుము తీసుకుంటారు. విద్యానిధి మొదటి విడత వచ్చేసరికి అందులో ఒక భాగం మిత్తికే పోతుంది. రెండో విడత ఆలస్యమైతే, ఆ పిల్లవాడు ఫీజు గడువు దాటిపోతుందన్న భయంతో చదవవలసిన గంటల్లో పనికి పోతాడు. ఈ అప్పు పుట్టని ఇల్లు, అంటే నిజంగా పేద ఇల్లు, అసలు దరఖాస్తే చేయదు. విద్యానిధికి ఎంపికైనవారి జాబితాలో జిల్లాలవారీగా, మండలాలవారీగా ఎవరెవరు ఉన్నారో మీరు పరిశీలిస్తే, పథకం కింద అర్హులైనవారిలో కాస్త నిలదొక్కుకున్నవారే ఎక్కువగా ఎంపికవుతున్నారేమో తేలుతుంది. ఆ లెక్క మీ దగ్గరే ఉంది, బయటపెట్టండి.

పథకానికి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆయన జీవితంలోనే ఈ విషయానికి సాక్ష్యం ఉంది. 1913లో బి.ఆర్. అంబేద్కర్ న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది బరోడా సంస్థానం మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున ఇచ్చిన ఉపకార వేతనంతో. 1916లో లండన్ చేరుకున్నారు. ఉపకార వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. మళ్ళీ 1920లో, తాను కూడబెట్టుకున్న డబ్బు, కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్శీ మిత్రుడి అప్పు కలుపుకుని లండన్ వెళ్ళి చదువు పూర్తిచేశారు. అంతటి మనిషికి కూడా డబ్బు ఆగిన చోట చదువు మూడేళ్ళు ఆగింది. మన పిల్లలకు రెండో విడత ఆగినప్పుడు వారిని ఆదుకోవడానికి ఏ మహారాజూ లేడు, మీరే ఉన్నారు.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లోనూ ఇదే జరిగింది. 2025లో షెడ్యూల్డ్ కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లల కోసం ఉన్న ఈ పథకంలో 106 మందిని ఎంపిక చేసి, నిధుల లభ్యతను బట్టి మొదట 40 మందికే మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలిన 66 మంది విదేశీ విశ్వవిద్యాలయాల్లో సీట్లు సంపాదించుకుని, తరగతులు మొదలయ్యే గడువు దగ్గరపడుతుండగా ఎదురుచూడవలసి వచ్చింది. అలాంటి సమయంలో తెలంగాణ విద్యార్థులకు రాష్ట్రం తాత్కాలికంగా ఆ మొత్తం సర్ది, కేంద్రం నుంచి వచ్చాక జమచేసుకునే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

ఇవి కాక, విదేశీ ప్రభుత్వాలు, సంస్థలు ఇచ్చే పూర్తిస్థాయి ఉపకార వేతనాలు ఉన్నాయి. వాటి పేరు మా తరగతుల్లో చాలామంది వినలేదు. ఐరోపా దేశాల ఎరాస్మస్ ముండస్ కింద ఎంపికైనవారికి ఫీజు లేకపోవడమే కాక నెలకు 1,400 యూరోలు ఇస్తారు, ఒక్కో కోర్సు రెండు మూడు దేశాల్లో నడుస్తుంది. బ్రిటన్‌కు చీవ్‌నింగ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ ఉన్నాయి. చీవ్‌నింగ్‌కు దాదాపు రెండేళ్ళ పని అనుభవం, అంటే 2,800 గంటలు కావాలి. పార్ట్ టైం పని, స్వచ్ఛంద సేవ కూడా అందులో లెక్కకు వస్తాయి. ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్‌కు కనీసం మూడేళ్ళ అనుభవం అడుగుతారు. మూడేళ్ళ డిగ్రీ ఒక్కటే ఉంటే చాలదు, దాని మీద పీజీ అయినా ఉండాలి. మా దగ్గర బీఎస్సీ కెమిస్ట్రీ చదివి జడ్చర్ల పోలేపల్లి ఔషధ కంపెనీల్లో షిఫ్టుల్లో పనిచేసే యువతీ యువకులు వందల్లో ఉన్నారు. తాము చేస్తున్న ఆ పనే ఒక విదేశీ ఉపకార వేతనానికి అర్హత కాగలదని వారికి ఇంతవరకు చెప్పినవారు లేరు.

ఎందుకు లేరన్నదానికి నా దగ్గర ఒక సమాధానం ఉంది. ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనూ విదేశీ విద్య కన్సల్టెన్సీల బోర్డులు కనిపిస్తున్నాయి. వారిలో చాలామందికి ఆదాయం ఫీజు కట్టి చేరే విద్యార్థి నుంచి, అతను చేరిన విశ్వవిద్యాలయం ఇచ్చే కమిషన్ నుంచి వస్తుంది. ఫీజు లేకుండా చేరే విద్యార్థి వల్ల వారికి ఏమీ రాదు. కాబట్టి వారు ఆ దారి చూపిస్తారని ఆశించలేము. అప్పు చేసి పోయే దారికి ప్రచారం చేయడానికి ప్రతి పట్టణంలో మనుషులున్నారు, అప్పు లేకుండా పోయే దారి చెప్పడానికి ప్రభుత్వ కళాశాల తప్ప వేరే చోటు లేదు.

ఆ కళాశాల పరిస్థితి కూడా మీకు చెప్పాలి. ఈ ఉపకార వేతనాలకు ఇద్దరు లేదా ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు కావాలి, అవి సంస్థ అధికారిక ఈమెయిల్ నుంచి వెళ్ళాలని చాలాచోట్ల అడుగుతారు. మా కళాశాలల్లో చాలా సబ్జెక్టులు చెప్పేది అతిథి అధ్యాపకులు. వారు వచ్చే ఏడాది అదే కళాశాలలో ఉంటారో లేదో వారికే తెలియదు, అధికారిక ఈమెయిల్ వారికి ఉండదు. మూడేళ్ళు బాగా చదివిన అమ్మాయి దరఖాస్తు చేసే సమయానికి ఆమెను ఎరిగిన అధ్యాపకుడు వేరే ఊళ్ళో, వేరే పనిలో ఉంటాడు. ట్రాన్స్‌క్రిప్టుల కోసం, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రాల కోసం, విశ్వవిద్యాలయానికి రెండు మూడుసార్లు తిరగాలి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు పత్రం ఏ విభాగం ఇస్తుందో అడిగినచోటల్లా వేరే గది చూపిస్తారు. ఇంగ్లీషు సామర్థ్యాన్ని చూసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు దాదాపు 18,000 రూపాయలు, పాస్‌పోర్టుకు 1,500, హైదరాబాదు ప్రయాణాలు, కొన్ని విశ్వవిద్యాలయాల దరఖాస్తు రుసుములు, ఇవన్నీ ఎంపిక కాకముందే పెట్టవలసిన ఖర్చులు. ఎంపికైతే అంతా వారే భరిస్తారు, కానీ ఎంపిక దాకా వెళ్ళడానికి ముప్ఫై నలభై వేలు కావాలి. మా విద్యార్థికి ఆ మొత్తం, రాకపోతే పోయే డబ్బు.

ఈ కారణంగా నేను మిమ్మల్ని మొదటగా కోరేది పెద్ద నిధి కాదు. మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లో చెరొక చిన్న నిధి ఏర్పాటు చేసి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల నుంచి ఏటా వంద మంది చొప్పున విద్యార్థుల పరీక్ష రుసుములు, పాస్‌పోర్టు, దరఖాస్తు ఖర్చులు నేరుగా చెల్లించండి. ఒక్కొక్కరికి 40,000 అనుకున్నా ఒక్కో విశ్వవిద్యాలయానికి ఏడాదికి 40 లక్షలు అవుతాయి. అంటే ఇద్దరు విద్యార్థులకు ఇచ్చే విద్యానిధితో సమానం. ఎంపిక కానివారి నుంచి ఆ డబ్బు తిరిగి అడగవద్దు. అడిగితే మళ్ళీ అప్పు భయం మొదలవుతుంది, రావలసినవారు రారు.

దానితోపాటు ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒక శాశ్వత అధ్యాపకుడికి ఈ పని అప్పగించి, అందుకు బోధన గంటలు తగ్గించండి. సిఫారసు లేఖలకు, ట్రాన్స్‌క్రిప్టులకు గడువు విధించి, అతిథి అధ్యాపకులకూ అధికారిక ఈమెయిల్ ఇవ్వండి. ఏ ఉపకార వేతనానికి ఎప్పుడు దరఖాస్తు, ఎవరు అర్హులు, ఏమేమి పత్రాలు అన్న వివరాలు తెలుగులో ముద్రించి, తల్లిదండ్రులు చదివి అర్థం చేసుకునేలా ఇవ్వండి. పిల్లను దేశం దాటించాలా వద్దా అని నిర్ణయించేది వారే, వారు చదవలేని భాషలో ఉన్న కాగితం చూపించి ఒప్పించడం కష్టం.

విద్యానిధి మొదటి విడతను ప్రయాణానికి ముందే, విద్యార్థి చేతికి కాకపోయినా నేరుగా విశ్వవిద్యాలయానికో, వీసా కోసం కావలసిన ఖాతాలోకో చెల్లించండి. దుర్వినియోగం భయం ఉంటే, వీసా రాకపోతే ఆ సొమ్ము ప్రభుత్వానికే తిరిగి వచ్చే షరతు పెట్టవచ్చు. నిర్వహణ భత్యాన్ని జీతాల మాదిరిగా నెలనెలా ఇవ్వండి. ఫీజు బకాయి ప్రభుత్వానిదైనప్పుడు విద్యార్థి ధ్రువపత్రం ఆపిన కళాశాల మీద చర్య తీసుకునే అధికారం జిల్లా స్థాయిలో ఒక అధికారికి ఇచ్చి, ఆ అధికారి ఫోను నంబరు ప్రతి కళాశాల గోడ మీద రాయించండి.

ఈ కోరికలకు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల చదువు చెప్పని కళాశాలలు పుట్టుకొచ్చాయి, డబ్బు వాటికి పోయింది అన్నది ఒకటి. ఆ మాటలో నిజం ఉంది. అలాంటి కళాశాలలను తనిఖీ చేసి మూసివేయడానికి మీకు అధికారం ఉంది, మూసివేయండి. వాటి తప్పుకు మంచి కళాశాలలో చదివే పిల్లవాడి భత్యం ఆపడం న్యాయం కాదు. రెండోది, మన డబ్బుతో చదివి విదేశాల్లో స్థిరపడిపోతారన్నది. పాలమూరు మనుషులు తరతరాలుగా బయటికి వలస పోతూనే ఉన్నారు, వారు పోయింది ఆనకట్టలు, రోడ్లు, మేడలు కట్టడానికి. వారి పిల్లలలో కొందరు ప్రయోగశాలలకు, గ్రంథాలయాలకు పోతే అభ్యంతరం చెప్పవలసిన పనేమిటో నాకు తోచదు. పైగా చీవ్‌నింగ్ వంటివి చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలని షరతు పెడుతున్నాయి. అలా తిరిగి వచ్చినవారికి మన రెండు విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న బోధన పోస్టుల్లో చోటు చూపించగలిగితే, మీరు పెట్టిన డబ్బు ఇక్కడి తరగతి గదిలోకే తిరిగి వస్తుంది.

వచ్చే విద్యాసంవత్సరానికి దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల) నోటిఫికేషన్ వెలువడేలోగా వీటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. గత ఐదేళ్ళలో విద్యానిధికి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమంది ఎంపికయ్యారు, రెండు విడతలూ ఏ తేదీల్లో వారికి చేరాయి అన్న వివరాలను కూడా ఆ సమాధానంతోపాటు జతచేయండి. సమాధానం నా పేరున పంపవలసిన అవసరం లేదు. రెండు విశ్వవిద్యాలయాల పరిధిలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్ళందరికీ తెలుగులో పంపి, నోటీసు బోర్డుల మీద పెట్టమని ఆదేశించండి. నా విద్యార్థులు అక్కడ చదువుకుంటారు.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా.